కూర్చోలేని కాళింది

మృదుల ఆ వీడియో గేమ్‌ని తన అక్క కోసమే తయారుచేసింది. బిడ్డ పోయాక అక్క హేమలతకి ఎవరివో గొంతులు వినపడేవి. మాట్లాడడం మానేసింది. పొద్దస్తమానం గోడవైపు తిరిగి కూర్చునేది. నీ బాధ నాకు తెలుసక్కా అని నోటితో చెప్పలేక, మృదుల ఏళ్ల తరబడి కష్టపడి ఆ ఆట కట్టింది. తీరా చూపిస్తే హేమలత కాసేపు చూసి, మళ్లీ గోడవైపు తిరిగిపోయింది.

లోపం ఎక్కడుందో చెప్పమని మృదుల పుండరీకం మాస్టారి దగ్గరికి వచ్చింది. సికింద్రాబాదులో మా అందరికీ బొమ్మల్ని కదిలించడం నేర్పింది ఆయనే. ఆయన గీసిన పిల్లిని చూసి ఆ వీధి ఎలుకలు పేట ఖాళీ చేశాయి. ఆయన శిష్యుల్లో నన్ను మించినవాడు లేడన్నది లోకమంతా ఎరిగినదే కనక మళ్లీ చెప్పను.

అలాంటి ఆటని నేను మళ్లీ చూడలేదు. తెరమీద వాన పడుతుంటే గొడుగు కోసం వెతుక్కున్నాను. ఎర్రటి కోట, గోడల్లోంచి కారే చీకటి, ఆ చీకట్లోంచి తాటిచెట్లంత దెయ్యాలు. వాటి మధ్య నిప్పుల కత్తితో కాళింది అనే అమ్మాయి. ఆమె చెవుల్లో ఎప్పుడూ చచ్చినవాళ్ల గుసగుసలు. ముందు నేను ఆడాను. నా ఒక్క వేటుకి దెయ్యాల వంశం నిర్వంశమైంది.

మా దగ్గర ఓ కట్టుబాటు ఉంది. పని తెచ్చినవాళ్లు మాస్టారు అడిగేదాకా నోరు విప్పకూడదు. మృదుల మీటలున్న కంట్రోలర్‌ని రెండు చేతులతో మాస్టారికి అందించి పక్కన నిలబడింది.

మాస్టారు దాన్ని ఒళ్లో పెట్టుకుని చేతులు కట్టుకున్నారు.

కాళింది కత్తి ఎత్తి నిలబడింది. రొప్పుతోంది. అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. దెయ్యం వచ్చి చంపేసింది. ఆట మళ్లీ మొదలైంది. మళ్లీ అదే కత్తి, అదే రొప్పు. మళ్లీ చచ్చింది. మాస్టారు మీట ముట్టుకోలేదు. నాకు చేతులు దురదపెట్టి, మీకు రాకపోతే నేను ఆడిపెడతానన్నాను. ఆయన నావైపు చూడలేదు.

చాలాసేపటికి అడిగారు.

"తల్లీ, ఈ పిల్లని కాసేపు కూర్చోబెట్టాలి. ఏది నొక్కాలి?"

మృదుల తడబడింది. పరుగు గీసింది, గెంతు గీసింది, నరకడం గీసింది, ఏడుపు కూడా గీసింది. ఆటని పరీక్షించేటప్పుడు మాలో ఎవరమూ మీట వదలం. అందుకే ఆ లోటు ఎవరి కంటా పడలేదు.

"కూర్చోవడం పెట్టలేదు మాస్టారూ. కూర్చుంటే అవి చంపేస్తాయి."

"వాటిని పంపిస్తున్నదెవరు?"

మృదుల తెరవైపు చూసింది. కాళింది రొప్పుతూనే ఉంది.

"నేనే" అంది, వినీ వినపడకుండా.

మాస్టారు కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మృదులని నా స్కూటర్ మీదే ఇంటికి తీసుకెళ్లాను. నా స్కూటర్‌తో పందెం వేసిన రైళ్లు సిగ్గుపడి స్టేషన్లలో ఆగిపోయేవి. ఆ రోజు మాత్రం మెల్లగా నడిపాను. వెనక మృదుల ఏడుస్తోంది.

గుమ్మంలోంచి చూశాను. హేమలత చాప మీద, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మృదుల లాప్‌టాప్ సంచి బయటే వదిలేసి లోపలికి వెళ్లింది. చాప అంచున, తనూ గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమీ అడగలేదు.

చీకటి పడింది. ఎవరూ లైటు వెయ్యలేదు.

ఎప్పటికో, హేమలత తల తిప్పకుండానే కాస్త జరిగి చోటిచ్చింది.