వాగు అవతలి ధర

నల్లరేగడి వాగుకు ఇవతల ఎలుకలుండేవి. వేలకు వేలు. నేల తవ్వి చిలగడదుంపలు తీయడంలో వాటికి సాటి లేదు. అవతల కొండవాలున కొండముచ్చులుండేవి. పట్టుమని పాతిక లేవు గానీ వాటి జొన్నచేలు మాత్రం కనుచూపు మేర.

ఒక ఏడు వరదొచ్చి వాగులో ఇసుక మేట వేసింది. ఎద్దు నడిచిపోయేంత దారి పడింది. ఎలుకలకు అదీ లోతే. కొండముచ్చులు దాటగలవు గానీ, ఇవతల చిరుత తిరుగుతోందని ఒక నక్క వాటిని భయపెట్టింది. అలా రాకపోకలన్నీ నక్క చేతిలో పడ్డాయి. ఒక ఎద్దు మీద దుంపలు వేసుకెళ్ళి జొన్నలు తెచ్చేది.

మొదట్లో దుంపకు దోసెడు జొన్నలిచ్చింది. తర్వాత గుప్పెడు. వానలు వెనకబట్టేసరికి చిటికెడు.

"ఇదేంటి మామా, దీంతో నా పిల్లలకేం పెట్టను?" అంది పోలమ్మ అనే ముసలి ఎలుక.

"నన్నేం చేయమంటావు పోలమ్మా? నువ్వు కాదంటే నీ వెనక నూరుమంది నిలబడి ఉన్నారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన."

పోలమ్మ వెనక్కి చూసింది. నిజంగానే నూరుమంది ఉన్నారు. ఆ రోజు నుంచి ఎలుకలు ఒకరి పిల్లల్ని చూసి ఒకరు మొహం చిట్లించుకోవడం మొదలుపెట్టాయి. పోలమ్మ కడగొట్టు పిల్ల ఆకలికి ఏడవడం కూడా మానేసింది.

అది చూడలేక పోలమ్మ మేత మేస్తున్న ఎద్దు దగ్గరికి పోయింది.

"ఎద్దన్నా, అవతల కూడా కరువేనా?"

"కరువెక్కడిది? పోయేటప్పుడు ఒక సంచి దుంపలు, వచ్చేటప్పుడు నాలుగు సంచుల జొన్నలు. నా నడుం పడిపోతోంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు," అంది ఎద్దు నెమరేస్తూ.

మర్నాడు ఎద్దు మోసిన సంచిలో పైన దుంపలు, అడుగున నక్కకు కనబడకుండా దాక్కున్న ఎలుకలు. నక్క ఎప్పటిలాగే ఎద్దు మీదెక్కి కూర్చుంది.

అవతల ఒడ్డున పెద్ద కొండముచ్చు ఎదురొచ్చింది.

"తాతా, ఈసారి ఇంకో సంచి జొన్నలు కలపాలి," అంది నక్క. "అక్కడ తెగులొచ్చి ఎలుకలన్నీ పోయాయి. పదో పన్నెండో మిగిలాయి. తవ్వేవాళ్ళు లేరు."

కొండముచ్చు నిట్టూర్చింది. "మాకూ గింజలు తరిగిపోతున్నాయి. కానీ పిల్లలు దుంప రుచి మరిగారు. ఏం చేస్తాం."

సంచి కదిలింది. పోలమ్మ బయటికొచ్చి మీసాలకంటిన మట్టి తుడుచుకుంది. "తాతా, ఆ పదిమందిలో నేనొకదాన్ని."

ఆమె వెనక ఇంకొకటి దిగింది. ఇంకొకటి. సంచి ఖాళీ అయ్యేదాకా కొండముచ్చులు లెక్కపెట్టాయి.

"మాకు మీరు తక్కువని చెప్పింది నక్క. మీకేం చెప్పింది?" అంది పెద్ద కొండముచ్చు.

"మేం ఎక్కువని," అంది పోలమ్మ.

అందరూ నక్క వైపు చూశారు. నక్క ఎద్దు మీంచి జారి, ఒళ్ళంతా తడుపుకుంటూ వాగు వెంట కిందికి పోయింది. ఎవరూ తరమలేదు.

అక్కడే కూర్చుని దుంపకు దోసెడని మాట్లాడుకున్నారు. కొండముచ్చులకూ భారం తగ్గింది. మోసినందుకు ఎద్దుకు జొన్నచొప్ప. ఆ సాయంత్రం పోలమ్మ గింజలు నమిలి కడగొట్టు పిల్ల నోట్లో పెట్టింది. అది కాసేపటికి ఏడ్చింది. ఆ ఏడుపు విని పోలమ్మ స్థిమితపడింది.

నీతి: రెండు ఒడ్లకు దారి పడితే చాలదు, అవతలి మాట ఇవతలికి నేరుగా చేరితేనే అందరి కడుపూ నిండుతుంది.