నూకాలు రేవులో మొదటి చీర

అనగనగా, మా అవ్వకు అవ్వ ఇంకా పుట్టని కాలం. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళకు తీపి జబ్బు వచ్చేది. ఒంటి నీళ్ళలో తీపి దిగి చీర కుచ్చిళ్ళకు చీమలు పట్టేవి. బిడ్డ లోపలే గుమ్మడికాయలా పెరిగిపోయేది. పురిట్లో తల్లి దక్కితే బిడ్డ దక్కదు, బిడ్డ దక్కితే తల్లి దక్కదు.

కొందరికి కొర్రగంజితోనే తగ్గేది. కొందరికి కొండ అవతలి వైద్యుడి మందే దిక్కు. అది మూడు రోజుల దారి. ఎవరికి గంజి చాలు, ఎవరికి మందు కావాలి? ఎవరికీ తెలియదు. భయం మాత్రం అందరికీ తెలుసు.

ఊరి బట్టలుతికే నూకాలు కనిపెట్టింది. మొదటామె మధ్యాహ్నం తిన్నాక విడిచిన చీరకు చీమలు. గంజి తాగింది, బతికింది. రెండో ఆమెకూ మధ్యాహ్నమే. గంజి తాగింది, బతికింది. మూడో ఆమె పరగడుపున విడిచిన చీరకే చీమలు. గంజే తాగింది, పాడెక్కింది.

"తిన్నాక పట్టే చీమకు గంజి చాలమ్మా. తినకముందే పట్టిందా, కొండ దాటాల" అని నూకాలు ఇంటింటికీ చెప్పింది.

"నీ నోట్లో మన్ను పడ! పిల్ల నీళ్ళోసుకుంటే చీమలంటావా?" అని తలుపులేశారు.

ఆ ఏడే నూకాలు కూతురు బంగారి పురిటికొచ్చింది. రేవులో ఆచారం ఒకటుంది. పొద్దున ఊరి బట్టలు, సొంతింటివి మధ్యాహ్నం. బంగారి చీర మధ్యాహ్నమే నూకాలు చేతికొచ్చేది. చీమలుండేవి. 'మధ్యాహ్నపు చీమలేలే' అని గుండె చిక్కబట్టుకుని గంజి కాచేది.

తొమ్మిదో నెలలో ఒకనాడు వాన. నూకాలు రేవుకు పోలేదు. తెల్లారి బంగారి ఇంకా నీళ్ళైనా తాగలేదు, చీర నిండా చీమలే. నూకాలు ఆ కుచ్చిళ్ళు పట్టుకుని అడిగింది.

"ఎన్నాళ్ళబట్టే ఇది?"

"రోజూ ఉంటాయమ్మా. నువ్వు రేవుకెళ్ళాక దులుపుకుంటాను. నువ్వు భయపడతావని చెప్పలేదు."

డోలీ కట్టించింది. ఒక రోజు నడిచారు. రెండు రోజులు నడిచారు. మూడో రోజు కొండ కనబడింది. అప్పటికి బంగారి లేదు, కడుపులో బిడ్డా లేదు.

నూకాలు తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే మొదటి గుమ్మం ముందు నిలబడింది. "నీళ్ళు తాగకముందు చీర ఇయ్యమ్మా." ఈసారి ఎవరూ తలుపు వేయలేదు.

ఆమె పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ రేవులో మొదట దులిపేది బట్టలుతికేవాళ్ళ ఇంటి చూలాలి చీరే. అంతవరకు ఊరి మూటలన్నీ గట్టు మీద ఆగుతాయి. ఊరి ఆడవాళ్ళు ఏటికి దణ్ణం పెట్టి ఒక్కటే అంటారు:

"నూకాలూ, ముందు నీ బంగారిని చూసుకో."