దొంగ రానిదే ముగియని పూజ

గవరయ్య ఇంటివాళ్ళ తెలివి ఎంతటిదో తెలియాలంటే వాళ్ళనే అడగాలి. ఇంకెవరిని అడిగినా నవ్వేసి ఊరుకుంటారు. "మా నలుగురి బుర్రలూ కలిపితే జిల్లా మొత్తానికి సరిపోతాయి" అనేవాడు గవరయ్య. పెళ్ళాం నూకాలమ్మ, కొడుకు పైడయ్య, కోడలు ముత్యాలు అవునవునని తలలూపేవాళ్ళు. నిండుకుండ తొణకదంటారు. ఈ తలలు ఊగే ఊపు చూస్తే లోపల ఎంతుందో ఎవరికైనా తెలిసిపోయేది.

ఇంత తెలివి ఒక్క కప్పు కింద ఉంటే గొడవలకేం కొదవ? తెల్లారితే చాలు, ఒకరి మీద ఒకరు అరుపులే. వాళ్ళని పోషించేది ఒకే ఒక్క పాడిగేదె. ఆ అరుపులకి బెదిరి అది పాలు చేపడం మానేసింది. గేదె వట్టిపోతే ఇంటిల్లిపాదికీ పస్తే. నూకాలమ్మ హడలిపోయి, ఆ పూట వాళ్ళ అరుగు మీద దిగిన సాధువు కాళ్ళ మీద పడింది.

"రోజూ పొద్దున్నే దీపం పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు మౌనంగా కూర్చోండమ్మా. మొదటి రోజు ఎలా చేస్తే రోజూ అచ్చం అలాగే చెయ్యండి. ఇంట్లో ప్రశాంతత అదే వస్తుంది" అన్నాడు సాధువు.

అంతే. మర్నాడు నలుగురూ దీపం పెట్టి కళ్ళు మూశారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఊరెప్పుడూ ఎరగదు. వీధిన పోతున్న దొంగ, ఇంట్లో ఎవరూ లేరనుకుని లోపలికొచ్చి ఇత్తడి బిందె ఎత్తుకుపోయాడు. అరిచేవాళ్ళు లేరు గనక గేదె హాయిగా పాలు చేపింది.

"చూశారా, ఫలించింది!" అన్నాడు గవరయ్య.

"బిందె పోయింది కదా మావా" అంది ముత్యాలు.

"అది పోతేనే కదే పాలొచ్చాయి! సాధువు ఏమన్నాడు? మొదటి రోజు ఎలాగో రోజూ అలాగే. దీపం, మౌనం, దొంగ."

ఇంకేముంది, మర్నాడు దీపం పెట్టారు, కళ్ళు మూశారు, దొంగ మాత్రం రాలేదు. ఎండ నడినెత్తికెక్కింది. కళ్ళు తెరిస్తే పూజ చెడుతుంది. పైడయ్య కళ్ళు మూసుకునే బయల్దేరి, గుంజకి తల కొట్టుకుని, పేడకుప్పలో పడి లేచి, ఊరంతా వినపడేలా కేకేశాడు: "దొంగగారూ! మా ఇంటికి రావాలండీ!"

ఊరి చివర గుడిసెలో దొంగ ఉలిక్కిపడ్డాడు. "నన్ను పట్టించడానికా?"

"రామ రామ! మంచం పట్టుకెళ్దురు గాని రండి. పూజకి ఆలస్యమవుతోంది."

ఆనాటి నుంచి దొంగకి చేతినిండా పని. మంచం పోయింది, బియ్యం డబ్బా పోయింది, రుబ్బురోలు పోయింది. ఒకనాడు దొంగకి జ్వరమొస్తే నూకాలమ్మ మిరియాల కషాయం కాచి, కళ్ళు మూసుకునే పట్టుకెళ్ళింది. కట్టుకున్న మొగుడికి ఏనాడూ కాచిన పాపాన పోలేదు. ఇల్లు బోడిగా మిగిలింది. "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని మురిసిపోయారు, సిగ్గులేని జన్మలు.

చివరికి గేదె ఒక్కటే మిగిలింది. దొంగ పలుపు విప్పాడు. వాళ్ళ నోట్లోకి వెళ్ళే నాలుగు మెతుకులూ ఆ పలుపు చివరే ఉన్నాయి. ఆ మాత్రం ఇంగితం గేదెకుంది, కదలనని మొరాయించింది. గవరయ్య తొయ్యమని సైగ చేశాడు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి గనక ఎవరికీ కనపడలేదు. అయితేనేం, నలుగురిదీ ఒకటే బుర్ర. లేచి, కళ్ళు మూసుకునే, గేదెని వెనకనుంచి తోసుకుంటూ దొంగ గుడిసె దాకా వెళ్ళి, లోపలికి నెట్టి, అప్పుడు కళ్ళు తెరిచారు.

ఎదురుగా వాళ్ళ బిందె, వాళ్ళ మంచం, వాళ్ళ రుబ్బురోలు!

"ఇల్లు చేరిపోయాం!" అంది నూకాలమ్మ.

"మరి ఈయనింకా మనింట్లోనే ఉన్నాడేంటి?" అన్నాడు పైడయ్య.

"పూజ అయిపోయింది, వెళ్ళి రేపు రండి బాబూ" అంటూ నలుగురూ కలిసి దొంగని వాడి గుడిసెలోంచే గెంటి తలుపేసుకున్నారు. పోయిన సామానంతా చేతికొచ్చింది. గేదె కూడా కళ్ళెదుటే నిలబడింది. దేవుడే దిగొచ్చి ఇచ్చినట్టు అన్నీ దక్కాయి. ఇక నోరు మూసుకుని పడుకుంటే చాలు.

గవరయ్య అదిరిపడి తలుపు తీశాడు. గేదెని పలుపు పట్టి ఈడ్చుకుంటూ వీధిలో పరుగెత్తాడు.

"ఆగండి దొంగగారూ, ఆగండి! ఇవాళ్టిది మర్చిపోయి వెళ్ళిపోతున్నారు!"