ఇన్ని తలుపుల ఇంట్లో పెరుగు

ఒకాయన ఒక ఇల్లు కొన్నాడు. ఆ ఇంటికి గదులు రెండే. తలుపులు మాత్రం వేలకొద్దీ ఉన్నాయి.

"ఇన్నెందుకయ్యా?" అని కొనేటప్పుడే అడిగాడు.

"కంప్యూటర్‌కి మాత్రం ఉండవా? అందులో సమాచారం వచ్చిపోయే తలుపులు ఎన్ని వేలున్నాయో మీరెప్పుడైనా చూశారా? ఇదీ అంతే. వాడేది ఒకటో రెండో. మిగతావి ఊరికే ఉంటాయి," అన్నాడు అమ్మినవాడు. ఊరికే ఉండేవాటిని కాచుకోవడానికి ఒక కావలివాణ్ణి కూడా ఇంటితోపాటే ఇచ్చాడు.

కావలివాడు నిద్రపోడు, తిండి అడగడు, నవ్వడు. మొదటి రోజే వచ్చి ఇంటాయన ముందు నిలబడ్డాడు.

"హెచ్చరిక. పడమటి వరసలో ఎవరో గొళ్ళెం కదిపి చూశారు. తలుపు తెరుచుకోలేదు. మీకు తెలియజేయడమైనది. సరే అనండి."

"తెరుచుకోలేదు కదా, మరి నాకెందుకు?"

"సరే అనండి."

ఇంటాయన సరే అనేదాకా వాడు కదల్లేదు. అన్నాక వెళ్ళాడు. వెంటనే మళ్ళీ వచ్చాడు. "హెచ్చరిక. పడమటి వరసలోనే, దాని పక్క తలుపు."

ఇంటాయన మొండివాడు. తన తలుపు ఇంకొకరు తాకడమేమిటని చేతికర్ర తీసుకుని పరుగెత్తాడు. మూసి ఉన్న తలుపుని లోపలినుంచి కర్రతో బాది, "ఈ తలుపు మూసే ఉంది! లోపల ఎవరూ లేరు!" అని గట్టిగా అరిచాడు.

బయట ఎవరో కాసేపు ఆగి విన్నట్టనిపించింది. తరవాత పక్క తలుపు గొళ్ళెం కదిలింది.

అప్పటినుంచి ఆ ఇంట్లో అదే పని. కావలివాడు చెప్పడం, ఆయన పరుగెత్తడం, బాదడం, లోపల ఎవరూ లేరని అరవడం. ఆయన అరిచే కొద్దీ తట్టేవాళ్ళు ఎక్కువయ్యారు.

దీనివల్ల ఎవరికీ ఏమీ పోలేదు, పెరుగుకి తప్ప.

ఇంటావిడ పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టింటినుంచి చిన్న గిన్నెలో తోడు తెచ్చుకుంది. ఆ పెరుగులోంచే మర్నాటి పెరుగు, అందులోంచి ఆ మర్నాటిది. తల్లి చేతి రుచి అలా తెగకుండా ఆమె వంటింట్లో నడుస్తూ వచ్చింది. తోడు పెట్టిన గిన్నె కదిలితే పాలు తోడుకోవు. ఆయన పరుగులకి గూట్లో గిన్నె కదలని పూట లేదు. పెరుగు ముందు పలచబడింది, తరవాత తీగలు సాగింది. చివరికి ఒక చెంచాడు మంచి పెరుగు మాత్రం మిగిలింది.

ఆ ఉదయం ఆమె పాలు గోరువెచ్చగా చేసి ఆ చెంచాడూ వేసింది.

"ఏమండీ, ఇదే ఆఖరిది. ఇది తోడుకోకపోతే మా అమ్మ పెరుగు ఇక లేనట్టే. మధ్యాహ్నందాకా కదలకుండా కూర్చోండి."

"పక్కింట్లో అడిగి తెచ్చుకోరాదుటే?"

"పక్కింటి తోడుతో పక్కింటి పెరుగే అవుతుంది. అయినా అడగడానికి వెళ్తే వాళ్ళు మాత్రం తలుపు తీస్తారా? వాళ్ళకీ ఒక కావలివాడున్నాడు. వాళ్ళాయనా మీలాగే గంతులేస్తున్నాడు."

"గంతులా? ఇంటిని కాపాడుతున్నాను!"

"కాపాడింది చాలు, కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. కావలివాడు వచ్చాడు. "హెచ్చరిక."

ఆయన గిన్నెవైపు చూశాడు. భార్యవైపు చూశాడు. పిల్లిలా లేచాడు.

"ఒరేయ్, ఇకమీదట ఏ తలుపు తట్టినా నువ్వు పలకొద్దు. నాకు చెప్పొద్దు, అమ్మగారికి చెప్పొద్దు."

"ఎవరు తట్టినా పలకొద్దా అయ్యగారూ?"

"ఎవరు తట్టినా. నేను బయటికి పోయి వాణ్ణే పట్టుకుంటాను. సరే అను."

"సరే," అన్నాడు కావలివాడు. వాడు ఆ మాట అనడం అదే మొదలు.

వీధిలో ఒక ముసలాయన ఒక్కో గొళ్ళెమూ కదిపి చూస్తూ మెల్లగా నడుస్తున్నాడు. ఇంటాయన వెనకనుంచి భుజం పట్టుకున్నాడు.

"దొరికావు! ఏం కావాలయ్యా నీకు?"

"ఏమీ వద్దు బాబూ. ఇది మా ఇల్లేమోనని."

"నీ ఇల్లు నీకు తెలీదా?"

"అన్నిటికీ ఇవే తలుపులు కదా. మాదైతే తెరుచుకుంటుంది. అందుకే చూస్తున్నా."

"అసలు బయటికెందుకొచ్చావు?"

"తలుపు తట్టేదెవరో పట్టుకుందామని."

ఇంటాయన పడీపడీ నవ్వాడు. ఈ వింత భార్యకి చెప్పాలని వెనక్కి తిరిగాడు. ఆయన వచ్చిన తలుపు దానంతటదే మూసుకుపోయి ఉంది. బయటినుంచి తెరవడానికి వీల్లేకుండా చేయించింది ఆయనే.

తట్టాడు. ఎవరూ పలకలేదు. 'చెప్పిన మాట వింటున్నాడు, మంచివాడే,' అనుకున్నాడు. పక్క తలుపు తట్టాడు. దాని పక్కది తట్టాడు. తన ఇల్లు ఎక్కడ అయిపోయిందో, పక్కిల్లు ఎక్కడ మొదలయిందో చూసుకోలేదు.

ఒక తలుపు వెనక కర్రతో బాదిన చప్పుడయింది. "ఈ తలుపు మూసే ఉంది! లోపల ఎవరూ లేరు!" అని ఎవరో మగమనిషి అరిచాడు.

ఆయన కాసేపు ఆగి విన్నాడు. తరవాత పక్క గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

మధ్యాహ్నం ఇంటావిడ గిన్నె మీద మూత తీసింది. పెరుగు గడ్డగా, కత్తితో కోసేటట్టు తోడుకుని ఉంది. వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది. తల్లి వంటింట్లో తిన్న రుచే. కళ్ళు తుడుచుకుంది. ఆయన వాటా ఒక గిన్నెలోకి తీసి పళ్ళెం మూత పెట్టింది.

"అయ్యగారు వచ్చారా? ఎవరైనా తలుపు తట్టారా?" అని కావలివాణ్ణి అడిగింది.

వాడు ఎప్పటిలాగే వచ్చి ముందు నిలబడ్డాడు.

"చెప్పడానికేమీ లేదు అమ్మగారూ. సరే అనండి."

ఇల్లు ఇంత నెమ్మదిగా ఉండి ఎన్నాళ్ళయిందోనని ఆమె అనుకుంది. మర్నాటికి ఒక చెంచాడు తోడు విడిగా తీసి పెట్టుకుంది.

"సరే," అంది.