ముత్యపుచిప్ప పిడి

మస్తానప్పకు వాళ్ళమ్మ మొహం గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. గుర్తున్నది ఒక చెయ్యి, ఆ చేతిలో తెల్లగా మెరిసే పిడి ఉన్న మడత చాకు, కర్పూరం వాసన. అంతే.

ఆమె కర్నూలు బస్టాండులో జామకాయలు అమ్మేది. కాయ కోసి ఉప్పూకారం చల్లి కొడుకు చేతిలో పెట్టాక, చాకు మడిచి దాని పిడిని వాడి చెంపకు ఆనించేది. ఇది ముత్యపుచిప్పరా, మా నాయన ఇచ్చినాడు అని మురిసిపోయేది. వాడు చిన్నగా ఉండగానే ఆమె పోయింది. మేనమామ వచ్చి ఇంట్లో సామానంతా మూటగట్టి పాతసామాన్లవాడికి వేసేశాడు. చాకు కూడా ఆ మూటలోనే పోయింది.

దాన్ని వెతుక్కుంటూనే మస్తానప్ప పెద్దయ్యాక అమీనుద్దీన్ సాయిబు దగ్గర చేరాడు. అందరూ తాత అని పిలిచే ఆ ముసలాయనది తుంగభద్రకు దిగే సందులో చిన్న అరుగు. పాతకాలం చాకుల పిడులు బాగుచెయ్యడం ఆయన పని, అల్లాను తలుచుకోవడం ఆయన ధ్యాస. రెండూ ఒక్కచోటే కూర్చుని చేసేవాడు. ఆయన నోటివెంట నాలుగు మంచిమాటలు విందామని జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు. ఆయనేమో గరుకు కాగితం చేతికిచ్చి తుప్పు రుద్దమనేవాడు. మాట కోసం వచ్చినవాళ్ళు చేతులు నల్లగా చేసుకుని పోయేవాళ్ళు పాపం.

మస్తానప్ప మాత్రం పని పట్టేశాడు. పిడి దేంతో చేసిందో చెప్పడంలో గురువునే మించిపోయాడని అందరూ అనేవాళ్ళు. వాడికీ ఆ మాట తియ్యగానే ఉండేది. సన్నటి నల్లచుక్కలుంటే ఎముక. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే ఏనుగు దంతం. కాల్చిన సూది తగిలించినప్పుడు వెంట్రుక కాలిన వాసనొస్తే కొమ్ము. ముత్యపుచిప్పకైతే సూదీ అక్కర్లేదు, చెంపకు ఆనిస్తే చన్నీళ్ళు తగిలినట్టు చల్లగా ఉంటుంది. మెరుస్తూ కూడా చల్లగా లేదంటే అది నకిలీ. నకిలీ అని తేలిందా, మస్తానప్ప ఇంక దాని మొహం చూడడు. పక్కనున్న రేకు డబ్బాలోకి విసిరేస్తాడు. డబ్బా నిండినప్పుడల్లా పాత ఇనుమువాడు వచ్చి ఎత్తుకుపోతాడు.

చిప్పపిడి చాకులు చాలానే వచ్చాయి. ప్రతిదాన్నీ కళ్ళు మూసుకుని చెంపకు ఆనించుకునేవాడు. చల్లగా ఉండేది, చిప్పే. కానీ లోపల ఏదీ కదిలేది కాదు. అమ్మది కాదని పక్కన పెట్టేవాడు. ఇట్లా ఏండ్లు గడిచిపోయాయి.

ఒకరోజు పొద్దున సంచి భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"పోయొస్తా తాతా. బొంబాయిలో ఒక అంగడి నిండా చిప్పపిడి చాకులే ఉన్నాయంట."

తాత పోవద్దనలేదు, పొమ్మనలేదు. ఎందుకురా అన్నట్టు చూశాడు. ఇన్నేండ్లుగా ఎవరికీ చెప్పనివాడు ఆ చూపుకే కరిగిపోయి, సంచితోనే అరుగు మీద కూలబడి అంతా చెప్పేశాడు. జామకాయలు, మేనమామ, మెరిసే పిడి, కర్పూరం వాసన వేసే చెయ్యి. మొహం గుర్తు లేదని చెప్పేటప్పుడు తల దించుకున్నాడు. ఆ చాకు చేతికొస్తే మొహం కూడా గుర్తొస్తుందని వాడి ఆశ.

తాత విని అడిగాడు.

"మీయమ్మ గుడికి పోతాండెనా?"

"ఎప్పుడు పోతాండె తాతా, పొద్దస్తమానం బస్టాండులోనే కదా."

"మరి చేతికి కర్పూరం వాసన యాడిదిరా?"

అది అమ్మ వాసన అనే అనుకున్నాడు మస్తానప్ప ఇన్నాళ్ళూ.

తాత రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, మస్తానప్ప నిన్న విసిరేసిన చాకు ఒకటి తీశాడు. పిడి తెల్లగా మెరుస్తోంది గానీ చిప్ప కాదు, పూర్వం దువ్వెనలు, బొమ్మలు చేసిన సెల్యులాయిడ్ సరుకు. దాన్ని బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దుతూనే ఉన్నాడు. రైలుకు వేళవుతోందని మస్తానప్ప కదలబోయాడు. తాత తలెత్తలేదు. పిడి బాగా వేడెక్కాక దాన్ని వాడి ముక్కు దగ్గర పెట్టాడు.

కర్పూరం.

ఆ సరుకులో కర్పూరం కలుపుతారని మస్తానప్ప ఎప్పుడో విన్నాడు. చెంపతోనే తేల్చేసేవాడికి ముక్కుతో పనేముందని ఏనాడూ వాసన చూడలేదు.

"అమ్మదేనా తాతా ఇది?"

"కాదు నాయనా. ఇట్లాంటివి తిరునాళ్ళలో కుప్పలు పోసి అమ్మేవాళ్ళు."

వాడు డబ్బా వైపు చూశాడు. ఇట్లాంటి డబ్బాలు ఎన్ని నిండాయో, ఎన్ని ఇనుమువాడి వెంట పోయాయో.

"నేను పారేసినవాటిల్లో..." అని ఆగిపోయాడు.

తాత చాకు మడిచి, దాని పిడిని వాడి చెంపకు ఆనించాడు.

చల్లగా లేదు. అమ్మ ఆనించినప్పుడూ చల్లగా ఉండేది కాదు.

మస్తానప్ప సంచి భుజం మీంచి దించి గోడవారగా పెట్టాడు. డబ్బా దగ్గరికి లాక్కుని, ఇంకో తెల్లపిడి చాకు తీసి గబగబా రుద్దసాగాడు.

"మెల్లగా రుద్దు నాయనా," అన్నాడు సాయిబు తాత. "తొందరపడితే రాదు."