ఏలినవారి నేరేడుపండ్లు

నేరేడుచెట్లకు సైతం కత్తులు పట్టిన భటులను కాపలా పెట్టుకున్న రాజ్యం ఒకటి ఉండేది. దానిని ఏలే విజయకేతుడికి అతిమూత్రవ్యాధి. ఆస్థానవైద్యుడు అనంతభట్టు ఒకనాడు నిండుసభలో నేరేడు గుణాలను ఏకరువు పెట్టాడు.

“పండు రక్తానికి పుష్టి, జీర్ణానికి మేలు. గింజల పొడి ఏలినవారి వ్యాధికి అడ్డుకట్ట. చెక్క కషాయం చిగుళ్ళకు బలం. అయితే ప్రభూ, పామరుల చేయి తగిలితే ఆ గుణమంతా నశిస్తుంది.”

మరునాటినుంచి ఏటిగట్టు మీది చెట్లన్నీ రాజుగారివయ్యాయి. తరతరాలుగా ఆ పండ్లు తిని బతికినవారు ఇప్పుడు వాటిని ముట్టుకుంటే దేశబహిష్కారం.

ఆషాఢంలో సింగమ్మ అనే స్త్రీని సభకు ఈడ్చుకువచ్చారు. జ్వరపడి లేచిన కూతురు పాలిపోయిందని, నేలరాలిన పండ్లు గుప్పెడు ఏరుకోవడం ఆమె నేరం.

“తల్లీకూతుళ్ళను పొలిమేర దాటించండి” అన్నాడు రాజు.

“నడవలేని పిల్ల, దొరా! దారిలోనే పోతుంది” అంది సింగమ్మ.

రాజు ముఖం తిప్పుకుని, పళ్ళెంలోని నేరేడుపండొకటి నోట్లో వేసుకున్నాడు.

అది చూసి, సభలో చమత్కారి అని పేరున్న తిప్పన లేచాడు. ఆనాడు అతని ముఖాన నవ్వు లేదు.

“ప్రభూ, ఈ పండ్లను ఎవరు కోశారు?”

రాజు వైద్యుని చూశాడు. వైద్యుడు భటులను చూశాడు. భటులు నేల చూశారు.

“నేను చెబుతాను. మొన్నటిదాకా ఈమె పెనిమిటి కోశాడు. నేరేడుకొమ్మ పెళుసు. పదిహేను రోజుల క్రితం తమ పళ్ళెం కోసమే భటులు ఎక్కించగా, కొమ్మ విరిగి పడి చనిపోయాడు. ఇప్పుడు అతని తమ్ముడు కోస్తున్నాడు.”

రాజు పండు ఉమ్మేశాడు. “భట్టూ! ఇన్నాళ్ళూ గుణం పోయిన పండ్లా నాకు తినిపించావు?”

“అందుకే... అందుకే తమ వ్యాధి తగ్గలేదు ప్రభూ!”

“కనుక ఇకపై భట్టుగారే స్వహస్తాలతో కోయాలి” అన్నాడు తిప్పన. “వారిది పామరుల చేయి కాదు కదా!”

రాజుకు అది మహా సబబుగా తోచింది. సింగమ్మతో సహా సభ సభంతా ఏటిగట్టుకు కదిలింది.

అనంతభట్టు పంచె బిగించి, ఇద్దరు భటుల భుజాల మీదుగా మొదటి కొమ్మ ఎక్కాడు. గండుచీమలు కరిచాయి. రెండో కొమ్మ మీద కాలు మోపగానే అది ఫెళ్ళుమంది. మానును కావలించుకుని కేకలు పెట్టాడు.

“నిచ్చెన! నిచ్చెన తెండర్రా!”

“నిచ్చెన పట్టేది పామరులే భట్టుగారూ” అన్నాడు తిప్పన. “తమ గుణం నశిస్తుందేమో!”

“నశించదయ్యా! ఎవరు తాకినా పండు పండే! పామరుల చేయి మాట ఏ గ్రంథంలోనూ లేదు, నేనే కల్పించాను! దింపండి!”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పరివారమంతా నవ్వింది.

తిప్పన నవ్వలేదు. “ఈమె పెనిమిటికి నిచ్చెన అడిగే వ్యవధి కూడా దొరకలేదు ప్రభూ.”

రాజు నవ్వు ఆగిపోయింది. విరిగిన కొమ్మ వైపు చూసి, శాసనాన్ని అక్కడికక్కడే రద్దు చేశాడు. చెట్లను ఏటిగట్టువారికే ఇచ్చివేసి, తన చేతి కంకణం తీసి తిప్పనకు బహూకరించాడు. తిప్పన దానిని సింగమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె కంకణాన్ని రొంటిన దోపుకుని, చెట్టు కింద కొంగు పరిచి, తల ఎత్తింది.

“అయ్యా, ఎటూ పైనే ఉన్నారు కదా, దిగేముందు ఆ కొమ్మ కాస్త ఊపండి. పిల్ల ఎదురుచూస్తోంది.”

“ఊపు భట్టూ!” అన్నాడు రాజు, మళ్ళీ నవ్వు ఆపుకోలేక.