ఉప్పుకొండ ఖైదీలు

వినండర్రా! ఒకప్పుడు ఒక రాజుండేవాడు, ఆయనకి ముగ్గురు కొడుకులు. ఓడెక్కి దేశాలు చూడబోయిన పెద్దవాళ్ళిద్దరూ తిరిగి రాలేదు. మూడోవాడు చంద్రకేతు ఏడు సముద్రాలు దాటి వెతికితే, కరాళుడనే మాంత్రికుడి దీవిలో దొరికారు. దొరికి ఏం లాభం? మాంత్రికుడి భటులు వాణ్ణీ పట్టుకుని నెత్తిన గంప పెట్టారు.

ఆ దీవిలో వేలమంది ఖైదీలు. పొద్దున లేస్తే ఒడ్డున ఉప్పు గోకడం, గంపకెత్తడం, కొండ మీద పోయడం. మళ్ళీ గోకడం, ఎత్తడం, పోయడం. చెప్పే నాకే నడుం లాగుతోంది, మోసినవాళ్ళ గతేమిటో! పగలు ఎవడైనా కూర్చున్నాడా, ఉప్పురాయి అయిపోతాడు. అదీ మాంత్రికుడి శాపం.

పెద్దన్న ధీరసేనుడి కాళ్ళు పుండ్లు పడ్డాయి.

"ఒరే తమ్ముడూ, నావల్ల కాదురా. ఇవాళ కూర్చుంటాను" అన్నాడు.

"వద్దన్నా! నన్ను పట్టుకుని నడు."

కొండ వెనక మలుపులో, భటులకి కనబడని చోట, నీరసించినవాడి గంపలోంచి ముందువాడూ వెనకవాడూ తలో దోసెడు ఉప్పు తీసుకునేవారు. అది ఖైదీలు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు.

అక్కడే ఒక పీత చంద్రకేతు కాలు గిల్లింది.

"అబ్బాయీ, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. చిలక పంజరం ఈ కొండ కింద ఉంది. దాన్ని దాచడానికే మీచేత ఉప్పు పోయిస్తున్నాడు."

చంద్రకేతుకి ఏడుపొచ్చింది. ఆ మాట గుసగుసగా ఖైదీలందరికీ పాకింది. అప్పటినుంచి మలుపు తిరగ్గానే గంపలు సముద్రంలో ఒంపేసేవారు. కొండని కూడా వెనకవైపు నుంచి తలో దోసెడు తవ్వి పారేసేవారు. పైకెక్కే గంపల్ని చూసి కింద మాంత్రికుడు మురిసిపోయేవాడు. అలా ఒక ఏడు, రెండేళ్ళు, మూడేళ్ళు. ధీరసేనుణ్ణి తమ్ముళ్ళిద్దరూ చెరో రెక్క పట్టి నిలబెట్టారు.

చివరికి పంజరం బయటపడింది. మాంత్రికుడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు! రాజ్యమిస్తాను, ఏం కావాలో కోరుకో!"

"మా అన్న కూర్చోవాలి" అని చంద్రకేతు చిలక మెడ విరిచాడు.

మాంత్రికుడు చచ్చాడు. ఉప్పురాళ్ళు మనుషులై లేచాయి. వాళ్ళలో ఒక రాజకుమారి ఉంటే చంద్రకేతు ఆమెని పెళ్ళాడాడు. పాపం, పీటల మీదే ఇద్దరూ కునికారు!

అంతా ఇల్లు చేరాక, పట్టాభిషేకం నాడు ధీరసేనుడు సింహాసనం ముందు నిలబడిపోయాడు.

"కూర్చోవచ్చా?" అన్నాడు.

"కూర్చో అన్నా."

మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. అప్పటికి నమ్మకం కుదిరి, కూర్చుని, భోరుమన్నాడు. తర్వాత చాలాకాలం చల్లగా ఏలాడు. ఆయన కొలువుకి ఎవరొచ్చినా, ఎంత నేరం చేసి వచ్చినా, మొదట ఆయన అనే మాట ఒకటే.

"ముందు కూర్చో నాయనా."